కుర్చీ వేసి అడిగితే సాక్ష్యం చెబుతారా?

2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలు కనిపించకుండా పోయింది. స్టేషనుకు పరుగెత్తితే అది తమ పరిధిలోకి రాదంటూ పోలీసులు కాలయాపన చేశారని కుటుంబం ఆరోపించింది. ఆమెను అత్యాచారం చేసి చంపిన ఘోరం బయటపడ్డాక షాద్‌నగర్ స్టేషను ముందు జనం పోగై పోలీసుల మీద మండిపడ్డారు. ఆలస్యానికి బాధ్యులుగా ఒక ఎస్‌ఐని, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లను సస్పెండ్ చేశారు. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. పొద్దెక్కేసరికి అక్కడికి చేరిన జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ 2022లో తన నివేదికలో పోలీసుల కథనాన్ని నమ్మలేమని, పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని తేల్చింది.

పది రోజుల్లో తిట్లు పూలయ్యాయి. ఆ పూలను ప్రజల నమ్మకానికి గుర్తుగా చూపించినవాళ్లు అప్పుడు చాలామంది ఉన్నారు. కానీ పూలు చల్లిన చెయ్యి, మర్నాడు తన వీధిలో జరిగిన దొంగతనం గురించి చూసింది చెప్పి సంతకం పెడుతుందా? పెట్టదనే ఎక్కువమంది అనుభవం. మెచ్చుకోవడానికి ఖర్చు లేదు, సహకరించడానికి ఉంది. పోలీసులు న్యాయంగా నడుచుకుంటే ప్రజలు ఆ ఖర్చు భరించడానికి ముందుకొస్తారా అన్నది దాదాపు యాభై ఏళ్లుగా పరిశోధకులు తేల్చుకోవడానికి ప్రయత్నిస్తున్న ప్రశ్న. ఇప్పటిదాకా ఏం తేలింది, ఏం తేలలేదు, అందులో మనకు పనికొచ్చేదేమిటి అని చూడటమే ఈ వ్యాసం పని.

సహకారం అన్న ఒక్క మాటలో నాలుగైదు పనులున్నాయి. జరిగిన నేరం మీద ఫిర్యాదు చేయడం ఒకటి. చూసింది చెప్పడం ఇంకొకటి. పంచనామాకు నిలబడటం, ఏళ్ల తరబడి వాయిదాలకు తిరిగి కోర్టులో అదే మాట మీద ఉండటం మరొకటి. పోలీసు కనబడని చోట కూడా ఎర్ర లైటు దగ్గర బండి ఆపడం వేరే ఒకటి. పరిశోధనల్లో సగం తగాదా ఈ పనులన్నిటినీ ఒకే గాటన కట్టడం వల్లే వచ్చింది.

శిక్ష భయమా, న్యాయమన్న నమ్మకమా?

1975లో జాన్ తిబో అనే మనస్తత్వవేత్త, లారెన్స్ వాకర్ అనే న్యాయశాస్త్రవేత్త కలిసి ఒక పుస్తకం రాశారు. వివాదం తీర్పు తమకు అనుకూలమా ప్రతికూలమా అన్నదే కాకుండా, తీర్పు వచ్చిన పద్ధతిని కూడా మనుషులు పట్టించుకుంటారని వాళ్ల ప్రయోగాల సారం. తన మాట చెప్పుకునే వీలు దొరికినవాడు ఓడిపోయినా సగం ఊరడిల్లుతాడు. ఊరి రచ్చబండ దగ్గర పంచాయితీ చూసినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు.

దీన్ని పోలీసుల దాకా తెచ్చినవాడు టామ్ టైలర్. 1984లో షికాగోలో 1,575 మందిని ఫోన్‌లో ప్రశ్నించి, వాళ్లలో 804 మందిని ఏడాది తర్వాత మళ్లీ పలకరించాడు. జనం చట్టాన్ని ఎందుకు పాటిస్తారన్నది ఆయన ప్రశ్న. దొరికిపోతామన్న భయం కంటే, ఈ అధికారానికి మనల్ని అడిగే హక్కుందన్న భావనే ఎక్కువ పని చేస్తోందని 1990లో వచ్చిన ఆయన పుస్తకం వాదించింది. ఆ భావన ఎక్కడిది? పోలీసు, కోర్టు తనతో న్యాయంగా నడుచుకున్నాయన్న అనుభవం నుంచి. 2003లో సన్‌షైన్ అనే పరిశోధకుడితో కలిసి న్యూయార్క్‌లో చేసిన సర్వేలో సహకారానికీ ఇదే సూత్రం వర్తిస్తుందని చూపించాడు.

ఈ వాదం ప్రకారం న్యాయమైన తీరుకు నాలుగు కాళ్లు. ఎదుటివాడి మాట వినడం, పక్షపాతం లేకుండా నిర్ణయించడం, మనిషిగా గౌరవించడం, ఇతను మన మేలు కోరే చేస్తున్నాడన్న నమ్మకం కలిగించడం. ఈ నాలుగింటినీ గుర్తుపెట్టుకోవాలి. మన దగ్గర జరిగిన పొరపాటు వీటి మధ్యనే ఉంది.

సర్వేలు దాటి రోడ్డు మీదికి

సర్వేతో ఒక చిక్కుంది. పోలీసులంటే ముందే గిట్టనివాడికి వాళ్లు ఏం చేసినా అన్యాయంగానే కనిపించవచ్చు. ఏది కారణమో, ఏది ఫలితమో సర్వే చెప్పలేదు. అందుకే ప్రయోగాలు మొదలయ్యాయి.

వాటిలో ఎక్కువ పేరొచ్చింది ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ ప్రయోగం. 2009, 2010 సంవత్సరాల్లో లొరెయిన్ మాజెరోల్ బృందం మందుబాబులను పట్టే 60 తనిఖీలను తీసుకుంది. సగం చోట్ల మామూలుగా ఊదించి పంపేశారు. మిగతా సగంలో పోలీసుకు ఒక కాగితం ఇచ్చారు. ఎందుకు ఆపామో చెప్పడం, మిమ్మల్నే ఏరి ఆపలేదని చెప్పడం, మీరేమైనా చెప్పాలనుకుంటున్నారా అని అడగడం, కృతజ్ఞత చెప్పడం అందులో ఉన్నాయి. ఇరవై సెకన్ల పని ఒకటిన్నర నిమిషమైంది. ఆ కొద్దిపాటి మాటలతోనే డ్రైవర్లకు పోలీసుల మీద అభిప్రాయం మెరుగుపడింది. అయితే ప్రశ్నాపత్రం నింపి తిప్పి పంపినవాళ్లు ఎనిమిదిమందిలో ఒకరు మాత్రమే.

స్కాట్లండ్‌లో 2013 చివర్లో ఇదే ప్రయోగం మళ్లీ చేస్తే ఫలితం తలకిందులైంది. మామూలు తనిఖీల చోటుతో పోలిస్తే కొత్త పద్ధతి పెట్టిన చోట జనం సంతృప్తి తగ్గింది. ఆ ప్రయోగం చేసిన సారా మెక్వీన్, బెన్ బ్రాడ్‌ఫర్డ్ కారణం వెతికితే అది రోడ్డు మీద కాకుండా పోలీసు శాఖలోనే దొరికింది. పైనుంచి సరైన వివరణ లేకుండా వచ్చిపడ్డ పని కింది సిబ్బందికి గిట్టలేదు. తనకు అన్యాయం జరుగుతోందని గొణుక్కునే కానిస్టేబులు నోట మర్యాద చిలకపలుకే అవుతుంది.

శిక్షణ ఫలితాలు కొంత ఆశ కలిగిస్తాయి. అమెరికాలో మూడు నగరాల్లో నేరాలు ఎక్కువగా జరిగే 120 చోట్ల డేవిడ్ వైస్‌బర్డ్ బృందం చేసిన ప్రయోగం 2022లో వెలువడింది. న్యాయమైన తీరు మీద గట్టి శిక్షణ పొందిన పోలీసులు తిరిగిన చోట అరెస్టులు 60 శాతానికి పైగా తగ్గాయి, నేరాలు 14 శాతం తగ్గాయి. కటువుగా ఉంటేనే భయముంటుందన్న పాత వాదానికి ఇది గట్టి జవాబు.

అమెరికాలోనే మిల్‌వాకీలో భార్యలను కొట్టి అరెస్టయినవాళ్ల మీద 1997లో వచ్చిన అధ్యయనం ఇంకా ఆసక్తికరం. అరెస్టయినా తమతో న్యాయంగా నడుచుకున్నారనుకున్నవాళ్లు మళ్లీ చెయ్యి చేసుకోవడం తక్కువని అది చూపించింది. నిందితుడికి ఇచ్చే మర్యాద బాధితురాలికి రక్షణ అయిందన్నమాట.

చెడు అనుభవం సంగతి వేరు. వెస్లీ స్కోగన్ 2006లో వేసిన లెక్క ప్రకారం పోలీసుతో కలిగిన ఒక చేదు అనుభవం ప్రభావం, మంచి అనుభవం ప్రభావం కంటే 4 నుంచి 14 రెట్లు ఎక్కువ. ఒకడిని లాఠీతో కొడితే ఆ వార్త వీధంతా మోస్తుంది. పదిమందికి మంచినీళ్లిస్తే ఆ పదిమందే చెప్పుకుంటారు.

ఇక్కడా జాగ్రత్త అవసరమే. మిల్‌వాకీలో ఒక నల్లజాతి యువకుడిని పోలీసులు చావబాదిన సంగతి పత్రికల్లో వచ్చాక, అత్యవసర నంబరుకు ఫోన్లు దాదాపు 22,000 తగ్గాయని 2016లో ఒక అధ్యయనం తేల్చింది. నాలుగేళ్ల తర్వాత మైకేల్ జోరూబ్ అదే సమాచారాన్ని తిరగేసి ఆ లెక్క నిలవదన్నాడు. పోలీసుల దౌర్జన్యం వల్ల జనం ఫోన్ చేయడం మానేస్తారన్న మాట వినడానికి సబబుగానే ఉంది. అయినా సబబుగా ఉండటం రుజువు కాదు.

మర్యాద ఒక్కటీ చాలని చోట్లు

ఇవన్నీ పోలీసు పిలిస్తే వచ్చే దేశాల సంగతులు. పిలిచినా రాని చోట? జస్టిస్ టంకెబే అనే పరిశోధకుడు ఘనా రాజధాని అక్రాలో చూసి 2009లో రాశాడు. అక్కడ జనం సహకారాన్ని నిర్ణయిస్తున్నది పోలీసు మర్యాద కంటే, పోలీసు పని చేయగలడా లేదా అన్న అంచనా. దొంగను పట్టలేనివాడు ఎంత తియ్యగా మాట్లాడినా అతని దగ్గరికి వెళ్లడం దండగ అనుకుంటారు.

2021లో 'సైన్స్' పత్రికలో వచ్చిన మరో అధ్యయనం బ్రెజిల్, కొలంబియా, లైబీరియా, పాకిస్తాన్, ఫిలిప్పీన్స్, ఉగాండాల్లో ప్రజలతో మమేకమయ్యే పోలీసింగ్‌ను పరీక్షించింది. ఊళ్లలో సమావేశాలు పెట్టారు, గస్తీలు పెంచారు. నమ్మకం పెరగలేదు, నేరాలు తగ్గలేదు. మొదలుపెట్టిన అధికారి బదిలీ కావడం, వచ్చినవాడికి దానిమీద ఆసక్తి లేకపోవడం, జనం చెప్పిన సమస్య మీద కదలడానికి మనుషులూ బండ్లూ లేకపోవడం కారణాలని తేల్చారు. మీటింగు పెట్టి వినడమే కానీ విన్నదాని మీద ఏమీ చేయకపోతే, రెండో మీటింగుకు ఎవరొస్తారు?

మన దేశంలో జరిగిన రెండు ప్రయోగాలు ఈ సంగతినే ఇంకో వైపు నుంచి చెబుతాయి. రాజస్థాన్‌లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, ఐపీఎస్ అధికారిణి నీనా సింగ్ తదితరులు 11 జిల్లాల్లోని 162 స్టేషన్లలో పలు సంస్కరణలను పోల్చి చూశారు. ఊరి పరిశీలకులను స్టేషన్లో కూర్చోబెట్టడం ఫలించలేదు. వారానికో రోజు సెలవు, డ్యూటీల మార్పు కాగితం మీదే ఎక్కువ మిగిలాయి. బదిలీలు ఆపడం, సిబ్బందికి శిక్షణ ఇవ్వడం పని చేశాయి. బాధితుల సంతృప్తి పెరిగింది. మధ్యప్రదేశ్‌లో 180 స్టేషన్లలో మహిళా సహాయ డెస్కులు పెట్టి చూసిన అధ్యయనం 2022లో వచ్చింది. డెస్కులున్న చోట మహిళల కేసుల నమోదు పెరిగింది. వాటి బాధ్యత మహిళా అధికారులకు అప్పగించిన చోట ఎఫ్‌ఐఆర్‌లు కూడా పెరిగాయి. ఫిర్యాదు కాగితం మీదికి ఎక్కడం మర్యాదలో మొదటి మెట్టు. నవ్వుతూ తిప్పి పంపితే అది మర్యాద కాదు.

ఎవరి తాలూకు?

మన ప్రాంతానికి వద్దాం. ఇక్కడి అపనమ్మకానికి పాత లెక్కలున్నాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో శిస్తు వసూలుకూ, నేరం ఒప్పించడానికీ చిత్రహింసలు పెడుతున్నారన్న ఆరోపణల మీద 1854లో ఒక కమిషన్ వేశారు. తెలుగు జిల్లాలు కూడా దాని పరిధిలోవే. కమిషన్ ప్రకటన విని జనం వందల మైళ్లు నడిచి వచ్చి చెప్పుకున్నారు. 1,900కు పైగా ఫిర్యాదులు అందాయి. వేళ్లు నొక్కే కిట్టి లాంటి పరికరాలు ఆ 1855 నివేదికకు ఎక్కాయి. వినేవాడున్నాడంటే మన జనం ఎంత దూరమైనా వస్తారనడానికి కూడా ఆ నివేదికే సాక్ష్యం.

చట్టం సైతం పోలీసును నమ్మలేదు. 1872 సాక్ష్య చట్టం 25వ సెక్షన్ ప్రకారం పోలీసు ముందు చేసిన నేరాంగీకారం కోర్టులో చెల్లదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ అది 23వ సెక్షన్‌గా నిలిచింది. దొరతనం పోయి ఇన్నేళ్లయినా ఆ అనుమానం తీసేయాలని శాసనకర్తలకు అనిపించలేదు. 1978లో హైదరాబాద్ నల్లకుంట స్టేషన్లో ఒక మహిళపై అత్యాచారం, ఆమె భర్త మరణం, నగరమంతా చెలరేగిన ఆందోళన చూసిన తరానికి ఆ అనుమానం సకారణమే.

స్టేషన్‌లో అడుగు పెట్టినవాడికి గౌరవం క్రియాపదంలో మొదలవుతుంది. 'ఏంట్రా' అంటారా, 'చెప్పండి' అంటారా అన్నది తెల్లచొక్కా, బండి, కులం, వెంట వచ్చిన మనిషిని బట్టి ఉంటుంది. దానికంటే పెద్ద ప్రశ్న ఒకటుంది: 'ఎవరి తాలూకు?' పైనుంచి ఫోన్ వస్తే కుర్చీ వస్తుంది, టీ వస్తుంది, ఎఫ్‌ఐఆర్ కూడా వస్తుంది. ఫోన్ లేనివాడికి 'మాట్లాడుకుని సెటిల్ చేసుకోండి' అన్న సలహా వస్తుంది. న్యాయమైన తీరుకున్న నాలుగు కాళ్లలో మన జనం ముందు చూసేది పక్షపాతం లేకపోవడాన్ని. కొన్నేళ్లుగా ఫ్రెండ్లీ పోలీసింగ్ పేరుతో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రిసెప్షన్ కౌంటర్లు, యాప్‌లు, కొత్త రంగులు వచ్చాయి. షీ టీమ్స్ లాంటివి ఆడపిల్లలకు ఫిర్యాదు దారి దగ్గర చేశాయి. మంచిదే. కానీ నాలుగింటిలో అన్నిటికంటే చౌకైన మర్యాదను తెచ్చుకుని, ఖరీదైన నిష్పక్షపాతాన్ని వదిలేశాం. సిఫారసు లేనివాడికి కూడా అదే కుర్చీ దొరికేదాకా ఆ మర్యాద అలంకారమే.

చట్టం ఈ దారిలో కొన్ని అడుగులు వేసింది. వారంటు లేకుండా అరెస్టు చేయగల (కాగ్నిజబుల్) నేరం బయటపడితే ఎఫ్‌ఐఆర్ నమోదు తప్పనిసరని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. నేర విచారణ పద్ధతుల కొత్త చట్టం భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఫోన్లోనో ఆన్‌లైన్‌లోనో ఇచ్చి మూడు రోజుల్లో సంతకం పెట్టవచ్చు. శంషాబాద్ రాత్రి వినిపించిందంటున్న 'మా పరిధి కాదు' అన్న మాటకు చట్టంలో ఇక చోటు లేదు. 193వ సెక్షన్ ప్రకారం దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు చెప్పాలి. ఇదే సంహిత, మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో ఎఫ్‌ఐఆర్‌కు ముందు 14 రోజుల ప్రాథమిక విచారణకు అవకాశమిచ్చింది. 'సెటిల్ చేసుకోండి' అనడానికి అది కొత్త గడువు కాకుండా చూడాలి.

సహకారం ఖర్చు ఎవరిది?

పాశ్చాత్య పరిశోధనలు అంతగా పట్టించుకోనిది, మన దగ్గర పట్టించుకోక తప్పనిది ఈ ఖర్చు. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని సామెత. సాక్షికి గెలుపూ లేదు, ఓటమీ లేదు. ఏడుపు మాత్రం ఉంది. కూలి పోతుంది, వాయిదా పడుతుంది, ముద్దాయి మనుషులు కోర్టు వరండాలోనే పలకరిస్తారు. పంచనామాకు ఎవరూ ముందుకు రాకపోతే స్టేషను చుట్టూ తిరిగే స్టాక్ సాక్షులు సంతకాలు చేస్తారు, ఆ కేసు కోర్టులో నిలవదు.

రోడ్డు ప్రమాదాలను చూస్తే ఇది తేటతెల్లమవుతుంది. 2013లో సేవ్‌లైఫ్ ఫౌండేషన్ చేసిన సర్వేలో 74 శాతం మంది గాయపడినవాడికి సాయం చేయకపోవచ్చని చెప్పారు. వాళ్లలో 88 శాతం మంది చెప్పిన కారణం పోలీసు ప్రశ్నలు, కోర్టు తిరుగుళ్లు. నెత్తురు చూసి జాలి పడనివాళ్లు కాదు వాళ్లు. పోలీసు కేసు అవుతుందని భయపడ్డవాళ్లు. 2016లో సుప్రీంకోర్టు సాయం చేసినవాళ్ల రక్షణకు మార్గదర్శకాలు ఆమోదించింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేరింది. సాయం చేసినవాడిని పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. ఇదీ న్యాయమైన తీరే, కానీ ఇందులో మర్యాద మాటలు లేవు. సహకారం మీద ఉన్న జరిమానాను తీసేయడమే ఉంది. ఈ సంగతి ఇప్పటికీ చాలా ఊళ్లకు చేరలేదు.

సాక్షుల విషయంలో అంతటి పని ఇంకా జరగలేదు. 2018లో మహేందర్ చావ్లా కేసులో సాక్షుల రక్షణ పథకాన్ని సుప్రీంకోర్టు ఆమోదించింది. కొత్త సంహిత 398వ సెక్షన్ ప్రతి రాష్ట్రమూ అలాంటి పథకం పెట్టాలంటోంది. పథకం ఉన్నదని సాక్షికి చెప్పేవాడు స్టేషన్లో ఉన్నాడా అన్నది అసలు ప్రశ్న.

కానిస్టేబులుకు ఎవరు కుర్చీ వేస్తారు?

స్కాట్లండ్ పాఠం మనకు ఎక్కువగా వర్తిస్తుంది. కామన్ కాజ్, సీఎస్‌డీఎస్ సంస్థలు 2019లో దేశవ్యాప్తంగా దాదాపు 12,000 మంది పోలీసులను ప్రశ్నిస్తే రోజుకు సగటున 14 గంటలు పని చేస్తున్నామన్నారు. చిన్న నేరాలకు కోర్టు దాకా వెళ్లకుండా పోలీసులే చిన్న శిక్ష వేయడం మేలని 37 శాతం మంది చెప్పారు. ఈ రెండంకెలూ పక్కపక్కనే పెట్టి చూడాలి. నిద్ర లేక, సెలవు లేక, పైఅధికారి ఇంట్లో ఆర్డర్లీ పని చేసి వచ్చినవాడికి పద్ధతి ప్రకారం నడవడం ఆలస్యంలా, ఒక దెబ్బ వేయడం పని పూర్తయినట్టు అనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్ 2019 జూన్‌లో పోలీసులకు వారానికో రోజు సెలవు ప్రకటించింది. ఆ సెలవు ఏ స్టేషన్లో ఎంతమందికి నిజంగా దక్కుతోందో ప్రతి నెలా లెక్క చెబితే, అది సిబ్బంది సంక్షేమమే కాక ప్రజల భద్రతకు కూడా లెక్క అవుతుంది.

బదిలీల సంగతీ అంతే. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్టేషన్ అధికారికి కనీసం రెండేళ్లు ఒకచోట ఉండే వీలు కల్పించమంది. స్థానిక నాయకుడి మాట వినలేదని ఆర్నెల్లకే ఎస్‌ఐ మారిపోయే చోట, జనం ఎవరిని నమ్మాలి? మనిషిని నమ్మేలోపు మనిషే ఉండడు.

తీర్పు

ఇన్నేళ్ల పరిశోధనను కూడబెట్టి చూస్తే మూడు మాటలు ధైర్యంగా చెప్పవచ్చు. న్యాయంగా నడుచుకుంటే పోలీసుల మీద జనం అభిప్రాయం మారుతుంది. అది బాగానే రుజువైంది. అన్యాయం చేసే చెరుపు, న్యాయం చేసే మేలు కంటే వేగంగా పాకుతుంది. మర్యాద మాటలు మాత్రమే నేర్పి మిగతావి అలాగే ఉంచితే సహకారం పెరుగుతుందన్నదానికి ఆధారం బలహీనం. అమెరికా జాతీయ అకాడమీల 2018 నివేదిక కూడా ఇందులో కార్యకారణం ఇంకా తేలలేదనే చెప్పింది.

కాబట్టి, కుర్చీ వేసి అడిగితే సాక్ష్యం చెబుతారా? కుర్చీ అందరికీ వేస్తే, చెప్పింది రాసుకుంటే, రాసింది ఏమైందో తిరిగి చెబితే, కోర్టు దాకా తోడుంటే చెబుతారు. రెండు రాష్ట్రాల పోలీసు శాఖలు ప్రతి ఏటా నేరాల లెక్కలు విడుదల చేస్తాయి. అందులో ఒక్క అంకె కొత్తగా చేర్చమని అడుగుదాం: ఈ ఏడాది ఫిర్యాదు చేసినవాళ్లలో ఎంతమందికి 90 రోజుల్లోగా దర్యాప్తు సంగతి తెలియజేశారు? చట్టం ఇప్పటికే చెయ్యమన్న పని అది. ఆ అంకె కోసం స్థానిక స్టేషన్లో ఒక సమాచార హక్కు దరఖాస్తు మీరే వేసి చూడండి.